పంజరములోని పక్షి, గృహిణి మనసులోని దిగులు



ఈ మాసమున మాకందిన జాబులలో ఒకదానిని చదివి ప్రక్కన పెట్టజాలకపోయితిమి. వ్రాసిన సోదరి పేరుగాని ఊరుగాని ఇచట వెల్లడింపము. ఆమె యింట రెండు చిన్న చిలుకలుండెను. చైత్రమున ఒకనాటి ఉదయము పంజరముమీది గుడ్డ తీసి చూడగా అందొకటి అడుగున చచ్చిపడియుండెను. ముందటి సాయంకాలము అది గింజలు తిన్నది, కూసినది, పంజరములోని గంటను ముక్కుతో మ్రోగించినది. ఆనాటినుండి ఆమెకు నిద్ర లేదు. మిగిలిన పక్షి బ్రతికియున్నదో లేదో యని రాత్రివేళ మూడు నాలుగు మాఱులు లేచి దీపము వేసి చూచుచున్నదట. దానిని విడిచి పోజాలక చెల్లెలి కుమార్తె పెండ్లికి సైతము పోలేదు. “మూడువందల రూపాయల పక్షికై ఇంత గోలయా యని ఇంటివారు నవ్వుచున్నారు. అక్కగారూ! నాకేమైన పిచ్చియా?” అని యామె ప్రశ్న.

పిచ్చి యెంతమాత్రమును కాదు. ఆమె భయమునకు ఆధారము కలదు. ఆ ఆధారమెట్టిదో తెలిసికొన్నచో భయమును ఎంతవఱకు మన్నింపవలయునో, ఎచట ఆపవలయునో తేటపడును.

ముందుగా ఒక చిన్నమాట. మన యూళ్ల అంగళ్లలో “లవ్ బర్డ్స్” అని అమ్ముచున్న పచ్చని, నీలపు, పసుపుపచ్చని చిన్న పక్షులలో పెక్కు నిజమునకు లవ్ బర్డ్స్ కావు. అవి ఆస్ట్రేలియా ఖండపు బడ్జెరిగార్ అను జాతివి. వానిని క్లుప్తముగా బడ్జీలందురు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండమువి. వాని దేహము బలిసియుండును, తోక పొట్టిగా నుండును. ఆ సోదరి పంపిన వర్ణనను బట్టి ఆమె పక్షులు బడ్జీలే. మా యింటనున్నవియు అవియే. కాగా ఈ వ్యాసమున మేము చెప్పునది ముఖ్యముగా వానిని గూర్చి యని గ్రహింపుడు.

ఈ జాతి పక్షులు తమ దేశమున వందలు వేలుగా గుంపులు గట్టి తిరుగును. గుంపులో నీరసించిన దానిమీదనే డేగ కన్ను పడును. కావున వ్యాధి కలిగినను కలుగనట్లు కనబడుట వాని పుట్టుకతోడనే వచ్చిన విద్య. ఒంటిలో సత్తువ యున్నంతవఱకు కొమ్మను విడువక, తినకున్నను తినుచున్నట్లు గింజలను ముక్కుతో కదలించుచుండును. ఇక దాచుటకు శక్తి చాలనినాడు మాత్రమే మనకు తెలియును. అప్పటికి వ్యాధి మిక్కిలి ముదిరియుండును. నిన్న బాగుగానుండి నేడు చచ్చినదని మనమనుకొనునది తఱచుగా పెక్కు దినములనుండి లోలోపల సాగిన సంగతియే. అదియునుగాక బడ్జీలకు దేహములో కంతులు పెరుగుట సామాన్యమైన వ్యాధి. వానికి పై గుఱుతులు తొలుత ఏమియు నుండవు. అట్లగుటచే ఆ సోదరి ముందటి రాత్రి మఱియొకమాఱు లేచి చూచియున్నను కనబడెడిది నిద్రించుచున్న పక్షియే గాని మఱేమియు కాదు. చచ్చిన పక్షి విషయమై ఆమె తన్ను తాను నిందించుకొనుట న్యాయము కాదని గట్టిగా చెప్పుచున్నాము.

ఐనచో బ్రతికియున్నదాని మాట యేమి? దాచుటయే దాని స్వభావమైనప్పుడు అర్ధరాత్రమున దొంగవలె పోయి చూచుటచే మనకేమి తెలియును? తెలియకపోవుట అటుండగా దానికి కీడు కలుగును. ఈ పక్షులకు దినమునకు పది పండ్రెండు గంటల చీకటియు నిశ్శబ్దమును కావలయును. చేతిఫోను దీపము కన్నులపై పడినచో నిద్ర చెడును. నిద్ర చెడిన పక్షి చిఱాకుపడును, వ్యాధులను తట్టుకొను శక్తిని కోల్పోవును. పైగా చీకటిలో హఠాత్తుగా వెలుతురు వచ్చినపుడు బెదరి పంజరపు ఊచలకు కొట్టుకొని రెక్కలు విఱుగగొట్టుకొనుటయు కలదు. కాకటీల్ అను జాతికి ఈ రాత్రిబెదరు మఱింత హెచ్చు. పంజరముకడకు వంగి కన్నార్పక చూచు ముఖము మనకు ప్రేమతో నిండినదే. దానికి మాత్రము పిల్లి చూపునకును ఆ చూపునకును భేదమేమి తెలియును? ఏ ప్రాణమును కాపాడవలెనని లేచుచున్నామో ఆ ప్రాణమునకే మన దిగులు చేటగుచున్నది. రాత్రి లేచుటను మానుడని ఆ సోదరికి మేము చెప్పుటకు ముఖ్య కారణమిదియే. ఆమె నిద్ర సంగతి రెండవది.

భాగవతమున పంచమస్కంధములో భరతుని కథ మీరందఱు వినియుందురు. తెనుగున ఆ స్కంధమును బొప్పరాజు గంగనార్యుడు రచించెను. రాజ్యము విడిచి తపమునకు పోయిన భరతుడు గండకీనదిలో కొట్టుకొనిపోవుచున్న తల్లిలేని లేడిపిల్లను తెచ్చి పెంచెను. అది కొంతసేపు కనబడకున్నచో తోడేలు తినెనో, పులి పట్టెనో యని విలపించెను. తుదకు దానినే తలచుకొనుచు ప్రాణములు విడిచి తానును లేడియై పుట్టెను. పురాణము చెప్పువారు ఈ కథ ముగించి మనవైపు తిరిగి “కావున మమకారము కూడదు” అందురు. మాకు చిన్ననాటినుండి ఈ ముక్తాయింపు సమ్మతము కాదు. ఏటిలో కొట్టుకొనిపోవు పిల్లను చేతులు చాచి యెత్తుకొనుట ఏ పురాణమునందును తప్పుగా చెప్పబడలేదు. దానికి గడ్డి తెచ్చుట, క్రూరమృగములనుండి కాచుట కూడ తప్పు కాదు. లేడి కంటబడని గంటలలో భరతునకు చేయవలసిన పని యేదియు లేకుండెను. చేయునది లేని మనసు ఊరకుండక తోడేళ్లను, పులులను కల్పించుకొన్నది. ఆ విలాపమువలన లేడిపిల్లకు ఒక పరకయైన గడ్డి అధికముగా దొరకెనా?

దిగులు వలదని ఎవ్వరికిని మేము చెప్పము. చెప్పిన మాత్రమున పోవునది కాదు. దానికి ఒక వేళను, ఒక పనిని నియమించుడని మాత్రము చెప్పుదుము.

మా యింట ఈ పక్షులను నాలుగేండ్లుగా పెంచుచున్నాము. ప్రొద్దున గుడ్డ తీసిన పిమ్మట పావుగంట వానికి విడిచియుంచితిమి. ఆ పావుగంటలో మొదట దూరమునుండియే చూతుము, ఏలయన దగ్గరకు పోయినచో నీరసముగా నున్న పక్షియు సర్దుకొని నిటారుగా నిలుచును. రెండు కాళ్లమీద ఉబ్బుకొని కన్నులు మూసికొని కూర్చున్నదా, ఊపిరి తీయునపుడెల్ల తోక పైకి క్రిందికి ఊగుచున్నదా, కొమ్మపైగాక అడుగున కూర్చున్నదా, ముక్కురంధ్రములు తడిసియున్నవా అని చూడవలయును. పిమ్మట అడుగున పఱచిన కాగితమును తీసి రెట్టను చూతుము. ఆరోగ్యముగా నున్నదాని రెట్టలో ముదురు పచ్చని చుట్టయు, దానిపై తెల్లని భాగమును, కొంచెము నీరును విడివిడిగా కనబడును. అంతయు నీరైనను, రంగు మాఱి రెండు పూటలు అట్లే యున్నను తలచుకొనవలసిన సంగతియే. కూరగాయలు తిన్ననాడు నీరు హెచ్చుట సహజము. దానికై బెంగ వలదు. ఈకలు రాలుటను చూచి కంగారుపడి పెక్కుమంది వ్రాయుదురు. ఏటికొకటి రెండు మాఱులు పాత ఈకలు రాలి క్రొత్తవి వచ్చుట అన్ని పక్షులకు కలదు. చర్మము బయటపడి బోడిమచ్చలు కనబడినపుడే వైద్యునికి చూపవలయును.

కంటికి కనబడని దానిని చెప్పునది త్రాసు. పక్షులను పెంచు ఇంటికి ఇంతకంటె ఉపకారము చేయు వస్తువును మేమెఱుగము. వంటయింటి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలును, గ్రాములు చూపినచో అదియే పదివేలు. దానిపై చిన్న పెట్టెనుంచి అందొక కొఱ్ఱకంకి పెట్టినచో పక్షి తనంతట తానే యెక్కును. ఆదివారమునాడు ప్రొద్దున మేత వేయకమునుపు తూచవలయును. పెంపుడు బడ్జీ సామాన్యముగా 30 నుండి 40 గ్రాములుండును. కాని ఆ అంకె ముఖ్యము కాదు, మీ పక్షికి నిన్నటి వారమెంతయో అది ముఖ్యము. పదింట ఒక వంతు తగ్గినచో, అనగా మూడు నాలుగు గ్రాములు పోయినచో, చూపులకెంత ఉత్సాహముగా నున్నను వైద్యునికడకు పోవలయును. త్రాసు లేనివారు రొమ్ము నడుమనుండు ఎముకను వ్రేలితో తడవి చూడవచ్చును. అది కత్తివాదరవలె తగిలినచో పక్షి చిక్కినదని అర్థము.

మావారు బడిలోని అలవాటుచొప్పున ఒక పుస్తకమున హాజరుపట్టీవలె గడులు గీసి యిచ్చిరి. పిల్లలు వారము వారము అంకెలు వేయుదురు. “హాజరు” అని వ్రాయకుండ మాత్రము ఊరుకొనరు. గడచిన శ్రావణమున మా ఆడపక్షి 37 గ్రాములనుండి 33 కు దిగినది. ఆ దినమున అది ఎప్పటికంటె హెచ్చుగా కూసినది కూడ. వైద్యులు చూచి మేతసంచిలో వ్యాధి పుట్టినదని చెప్పి మందిచ్చిరి. పది దినములలో కోలుకొన్నది. ఇంతచేసినను నిలువనివియు నుండును. వీనికి ముందు మేము పెంచిన పక్షి కడుపులో కంతి కలిగి పోయినది. దానిని గూర్చి ఆ పుస్తకమున పదునొకండు వారముల అంకెలున్నవి. ఆ అంకెలను చూచినపుడు దుఃఖము కలుగును గాని “ఏమైన చూడక విడిచితిమా” అను ప్రశ్న మమ్ము రాత్రులయందు లేపదు.

ఆ పావుగంట ముగిసిన తరువాత పుస్తకము మూసి మన పని మనము చూచుకొనవలయును. పగలు రెండవమాఱు మేత, నీరు మార్చునపుడు మరల చూతుము. నడుమ దిగులు కలిగినచో “రేపటి ప్రొద్దున దానికి వేళ కలదు” అని దానికి చెప్పుదుము. మొదటి వారము ఇది కష్టముగా నుండును. అర్ధరాత్రమున ఫోనులో పక్షివ్యాధుల పేరులు వెదకు అలవాటును సైతము ఈ సందర్భముననే మానుట మేలు. ఆ వేళ చదివినదెల్ల మన పక్షికే యున్నట్లు తోచును.

రాత్రి లేచి చూచుట కంటె పగలు గాలిని కాపాడుట వేయిరెట్లు మేలు. ఇది పక్షిశరీరపు నిర్మాణమును బట్టి చెప్పుమాట. మనకు గాలి ఊపిరితిత్తులలోనికి పోయి వచ్చిన త్రోవనే వెనుకకు మరలును. పక్షికి ఊపిరితిత్తులకు తోడు దేహమునిండ పలుచని గాలిసంచులు కలవు. వానివలన గాలి ఊపిరితిత్తులగుండ ఒకే దిక్కునకు ప్రవహించును. కావున ప్రాణవాయువును మనకంటె ఎంతో చక్కగా గ్రహించును. విషవాయువును అట్లే గ్రహించును. బ్రిటన్ దేశపు బొగ్గుగనులలో జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రవేత్త సలహాపై కెనెరీ పక్షులను పంజరములలో లోనికి తీసికొనిపోవుచుండిరి. వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వ్యాపించినచో మనుష్యులకంటె ముందు ఆ పక్షి సొమ్మసిల్లును. ఆ పద్ధతిని 1986 లో మాని యంత్రములను ప్రవేశపెట్టిరి.

అట్టి ప్రాణిని మన వంటయింటిలో వ్రేలాడదీయుట తగునా? మిరపకాయల తాలింపునకు మనకే దగ్గు వచ్చుచున్నదే! అన్నిటికంటె ప్రమాదమైనది నాన్‌స్టిక్ పెనము. పొయ్యిమీద పెట్టి మఱచిపోగా అది మిక్కిలి కాగినచో దాని పూతనుండి మనకు కనబడని పొగ పుట్టును. కొన్ని నిమిషములలో పక్షులు చచ్చును. వైద్యము చేయుటకైన వ్యవధి యుండదు. పక్షి యున్న యింట ఇనుప పెనమే మేలని మా నిశ్చయము. దోసె రుచియు దానిమీదనే బాగుండును. తలంటి నాడు పిల్లల జుట్టునకు పట్టు సాంబ్రాణిపొగ, అగరువత్తులు, దోమలచుట్ట, బొద్దింకలకై చల్లు మందు, గోడలకు వేయు క్రొత్తరంగు, ఇవి యన్నియు పక్షియున్న గదిలో కూడవు. పూజగదికిని పంజరమునకును నడుమ ఒక తలుపైన ఉండవలయును.

ఎండకాలమును గూర్చియు రెండు మాటలు. మన కోస్తాజిల్లాలలోను తెలంగాణమునను మధ్యాహ్నపు వేడిమి పక్షికి ప్రాణాంతకము కాగలదు. ముక్కు తెఱచి ఒగర్చుచు రెక్కలను ఒంటికి దూరముగా పట్టియున్నచో వెంటనే నీడకు మార్చి వెడల్పైన పళ్లెములో నీరు పెట్టుడు. తడిగుడ్డను పంజరమునకు ఒక ప్రక్కన వ్రేలాడదీయవచ్చును. కూలరుగాలి నేరుగా తగులరాదు. దీపావళినాడు పంజరమును లోపలిగదిలోనికి మార్చి కిటికీలు మూసి చిన్న దీపమొకటి ఉంచుడు.

మేత విషయము క్లుప్తముగా చెప్పెదము. కొఱ్ఱలు, సామలు, వరిగలు మంచివే గాని కేవలము గింజలతో పెంచినచో కొవ్వు పట్టును, ఎ విటమిను లోపించును. తోటకూర, మునగాకు, కొత్తిమీర, క్యారెట్టుతురుము దినదినమును కొంచెము పెట్టుడు. సముద్రపునురుగును ఊచలసందున గుచ్చినచో గ్రుడ్లు పెట్టు పక్షికి సున్నపుసత్తు దొరకును. అవొకాడో పండు, చాక్లెట్టు, కాఫీ, టీ, ఉల్లి, ఉప్పువస్తువులు పెట్టరాదు. ముద్దుచేయుటకై పిల్లలు కాఫీలో ముంచిన బిస్కత్తు పెట్టుదురు, జాగ్రత్త.

వ్యాధి గుఱుతులు కనబడినచో ఏమి చేయవలయును? గాలియాడు చిన్న పెట్టెలో నుంచి, చలిదినములైనచో వెచ్చగా నుండునట్లు చేసి, చీకటిగానుంచి వైద్యుని చేర్చవలయును. ముక్కు తెఱచి నీరుగాని మందుగాని పోయరాదు, ఊపిరిగొట్టములోనికి పోవును. మన యింట మిగిలిన మాత్రలను నూరి పోయుట అంతకంటె కీడు. మన యూళ్ల పశువైద్యశాలలు ఆవులను, గేదెలను, గొఱ్ఱెలను చూచుటకు ఏర్పడినవి. పక్షులను చూచు వైద్యులు అరుదు. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలో పశువైద్య కళాశాలలు కలవు. వాని దగ్గరి ప్రాంతములవారు అచట విచారింపవచ్చును. తక్కినవారు పక్షి ఆరోగ్యముగా నున్న దినములలోనే చుట్టుప్రక్కల పట్టణములలో ఎవరు పక్షులను చూచుదురో కనుగొని ఆ వైద్యుని నంబరును పంజరము ప్రక్కగోడమీద అంటింపవలయును. ఈ యొక్క చీటివలన తగ్గు దిగులు ఇంతింత యని చెప్పజాలము.

జాబులలో మఱియొక విధమైన దిగులు కూడ కనబడుచున్నది. తోటలో దొరకిన రామచిలుక పిల్లనుగాని గోరువంకనుగాని పెంచుచున్నామనియు, అది దినదినము చిక్కుచున్నదనియు కొందఱు వ్రాయుదురు. మన దేశపు చిలుకలను, గోరువంకలను ఇంట పెంచుటను, అమ్ముటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. భద్రాచల రామదాసు పూర్వజన్మమున చిలుకను పంజరమునబెట్టిన ఫలముగా గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని లోకమున చెప్పుకొను కథ మన పెద్దలకు ఈ విషయమున ఎంత పట్టింపు కలదో తెలుపును. ఐనను జాలిపడి గోడమీదనుండి ఎగురవేసినచో రెక్కసత్తువ లేని ఆ పిల్ల కాకుల పాలగును. అటవీశాఖవారికి తెలిపి అప్పగించుట యుక్తము.

ఇంటివారి నవ్వును గూర్చి ఒక మాట. ఈ పత్రికను పురుషులును చాటుగా చదువుదురని ఎఱుగుదుము గనుక వ్రాయుచున్నాము. పక్షిని ముచ్చటపడి కొన్నవారు పిల్లలు, రూకలిచ్చినవారు తండ్రులు, కాగితము మార్చి, గింజలు చెఱిగి, నీరు పోసి, చచ్చిననాడు పెఱటిలో గొయ్యి తీసినది తల్లి. ఆమె కన్నీటికి మూడువందల రూపాయల లెక్క కట్టుట తగదు. నవ్వుటకు మాఱుగా ఆదివారపు తూకమును ఇంటియజమాని చేపట్టినచో ఆమె భారము సగమగును.

ఇన్ని చేసినను నెలలు గడచినను నిద్రపట్టక, అన్నము సహింపక, గుండెదడతో ఏ పనియు సాగనిచో అది పక్షిని గూర్చిన దిగులుగా మిగిలియుండదు. అప్పుడు మన వైద్యుని చూడవలసినది మనమే. 2022 లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను మానసికారోగ్య సేవకు 14416 అను నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడుదురు. సిగ్గుపడవలసిన దిందేమియు లేదు.

ఇక ఆ సోదరి అడిగిన తక్కిన రెండు సంగతులు. ఊరికి పోవలసినపుడు ప్రక్కయింటివారికి పక్షినప్పగించుటకు ముందు వారము దినములు వారిచేతనే మీయెదుట మేత పెట్టింపుడు. ఎన్ని చెంచాల గింజలు, ఏ వేళ గుడ్డ కప్పవలయును, ఏ పెనము వాడరాదు అను సంగతులను పెద్ద అక్షరములతో వ్రాసి యిండు. దినమునకొకమాఱు, ప్రొద్దున మాత్రమే, ఫోనులో అడుగుడు. జరిగిపోయిన పెండ్లిని మరల చూడలేము. చెల్లెలి కుమార్తె శ్రావణమున నోములకు పుట్టినింటికి వచ్చునపుడైన తప్పక పోయిరండు.

మఱియొక పక్షిని తెచ్చుట మంచిదేనా యని రెండవ ప్రశ్న. బడ్జీ గుంపులో బ్రతుకు పక్షి. దానికి తోడు కావలయును. కాని సంతకు పరుగెత్తవలదు. చచ్చినదానికి అంటువ్యాధి యేమైన కలదేమో తెలియదు గనుక మొదట మిగిలినదానిని వైద్యునికి చూపుడు, పంజరమును వేడినీటితో కడిగి ఎండబెట్టుడు. క్రొత్తదానిని తెచ్చినపుడు ముప్పది దినములు వేఱుగదిలో, వేఱు గిన్నెలతో ఉంచి పాతదానికి మేత పెట్టిన తరువాతనే దానికి పెట్టి చేతులు కడుగుకొనుడు. గోడకావలినుండి రెండును ఒకదానినొకటి పిలుచుకొనును. ఆ కూతలు విని జాలిపడి గడువుకు ముందే పంజరములు కలుపవలదు.